షుగర్ వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే పరిహారం ఎలా అడగాలి? కర్నూలు, అనంతపురం, కడప కుటుంబాల ప్రశ్నలకు జవాబులు

షుగర్ వల్ల కాలు పోయినవాళ్లు, చూపు తగ్గినవాళ్లు, డయాలసిస్‌కు తిరిగేవాళ్లు మన మూడు జిల్లాల్లో ఏ ఊర్లోనైనా కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి నష్టం జబ్బు వల్లే జరిగింది. కొందరికి మాత్రం చూడాల్సినవాళ్లు చూడాల్సిన సమయంలో చూడకపోవడం వల్ల జరిగింది. ఈ రెండో రకం వాళ్లకు అడిగే హక్కు ఉంది. కానీ ఆ హక్కు కాగితాల మీద, తేదీల మీద నిలబడుతుంది. అందుకే ఈ జవాబుల్లో ఆ రెండింటి గురించే ఎక్కువగా చెప్తున్నాను.

మా నాయనకు కాలి పుండు ముదిరి మోకాలి కింద వరకు తీసేశారు. ఇది డాక్టరు తప్పు కిందికి వస్తుందా?

కాలు పోయిందన్న ఒక్క కారణంతో రాదు. మంచి వైద్యం జరిగినా షుగర్ ఉన్నవాళ్లకు కొన్నిసార్లు కాలు దక్కదు. జబ్బు నయం కానంత మాత్రాన, అనుకున్న ఫలితం రానంత మాత్రాన డాక్టరు నిర్లక్ష్యం చేసినట్టు కాదని సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో స్పష్టంగా చెప్పింది. అదే చదువు చదివిన మామూలు జాగ్రత్త గల డాక్టరు ఆ పరిస్థితిలో ఏం చేసి ఉండేవాడో, ఇక్కడ అది జరిగిందో లేదో, అదే కోర్టు చూస్తుంది.

మీ నాయన విషయంలో అడగాల్సిన ప్రశ్నలు ఇవి. పుండుతో మొదట ఏ తేదీన వెళ్లారు? ఆ రోజు షుగర్ చూశారా? పాదంలో స్పర్శ ఉందో లేదో, రక్తం ఆడుతోందో లేదో పరీక్షించారా? చీము, జ్వరం, వాపు ఉన్నాయని చెప్పినప్పుడు ఎముక దాకా పోయిందేమో అని ఎక్స్‌రే తీయించారా? సర్జన్ దగ్గరికి ఎప్పుడు పంపారు? వేళ్లు నల్లబడుతున్నా వారాల తరబడి కట్టు మార్చి మాత్రలిచ్చి పంపుతూ ఉంటే అడగడానికి బలమైన కారణం ఉన్నట్టే. వెళ్లిన రోజే పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాసిచ్చినా మీరే ఆలస్యం చేసి ఉంటే కేసు నిలబడటం కష్టం. ఈ మాట మిమ్మల్ని బాధపెట్టొచ్చు, కానీ వినియోగదారుల కమిషన్ ముందు తెలుసుకోవడం కంటే ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

షుగర్ వైద్యంలో ఎలాంటి పొరపాట్లను నిర్లక్ష్యం అంటారు?

ఎక్కువ ప్రమాదం ఇన్సులిన్ దగ్గర ఉంటుంది. మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్‌లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. పెన్నులో వాడే కార్ట్రిడ్జ్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది, ఆ బలానికి నారింజ రంగు మూత సిరంజి ఉంటుంది. వార్డులో పెన్ను లేదని ఆ కార్ట్రిడ్జ్ నుంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. ముసలివాళ్లకు అది ప్రాణం మీదికి వస్తుంది. తిరగేసి జరిగితే, అంటే 40 ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే, వెళ్లేది 8 యూనిట్లే, షుగర్ దిగదు. డోసు ఎక్కించాక భోజనం పెట్టకపోవడం, చెమటలు పట్టి మాట తడబడుతోందని ఇంటివాళ్లు పిలిచినా షుగర్ చూడకపోవడం కూడా ఇందులోకే వస్తాయి.

రెండోది లో షుగర్, అంటే రక్తంలో షుగర్ మరీ పడిపోవడం. 70 కంటే తగ్గితే పట్టించుకోవాలి, 54 కంటే తగ్గితే అది అత్యవసరం. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వేసుకునే పెద్దవాళ్లకు, ముఖ్యంగా కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు, ఒకసారి గ్లూకోజ్ ఎక్కించి లేపినా కొన్ని గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు. అలాంటివాళ్లను గంటసేపు ఉంచి ఇంటికి పంపేస్తే, రాత్రి నిద్రలోనే స్పృహ తప్పితే, ఎందుకు పంపారన్నది గట్టి ప్రశ్న.

మూడోది చిన్నపిల్లల విషయం. ఇది రాస్తుంటే నాకు కోపం, బాధ రెండూ వస్తాయి. పిల్లాడు బాగా సన్నబడ్డాడు, నీళ్లు ఊరికే తాగుతున్నాడు, రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడు, ఇప్పుడు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. ఇవన్నీ చెప్పినా గ్యాస్ అనో టైఫాయిడ్ అనో సెలైన్ పెడతారు. వేలి మీద ఒక్క చుక్క రక్తంతో నిమిషంలో తేలే పరీక్ష చేయరు. ఇన్సులిన్ తప్పనిసరిగా కావాల్సిన టైప్ 1 షుగర్ చాలామంది పిల్లల్లో ఇలాగే, కీటోయాసిడోసిస్ అనే ప్రమాద స్థితిలో బయటపడుతుంది. ఆలస్యమయ్యే ప్రతి గంటా మెదడుకు, ప్రాణానికి ముప్పు.

ఇంకా కొన్ని ఉన్నాయి. షుగర్ చూడకుండానే ఆపరేషన్‌కు తీసుకెళ్లడం. షుగర్ మనిషికి స్టెరాయిడ్లు రాసి ఆ తర్వాత షుగర్ ఎంతుందో చూడకపోవడం. కిడ్నీ బాగా దెబ్బతిన్నా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఆపకపోవడం. గర్భిణికి మొదటిసారి వచ్చినప్పుడు, మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్య షుగర్ పరీక్ష చేయకపోవడం. ఏళ్ల తరబడి ఒకే క్లినిక్‌కు వెళ్తున్నా సంవత్సరానికి ఒకసారి కూడా కంటి నరాల పరీక్షకు పంపకపోవడం, మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ రాయకపోవడం, పాదాలు చూడకపోవడం. ఈ చివరి రకం నిరూపించడం కష్టం, ఎందుకంటే నష్టం నెమ్మదిగా జరుగుతుంది. అయినా పాత చీటీలన్నీ ఉంటే అసాధ్యం కాదు.

ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర చూపించాం. ఆయన మీద అడగొచ్చా?

అడగొచ్చు. అర్హత లేని పద్ధతిలో వైద్యం చేయడమే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు 1996లో పూనమ్ వర్మ కేసులో చెప్పింది. ఆ కేసులో హోమియో చదివినాయన అల్లోపతి మందులు రాశారు. అర్హత లేకుండా వైద్యం చేస్తే నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉండొచ్చు. ఒక చిక్కు ఏంటంటే, అక్కడ బిల్లు ఉండదు, చీటీ ఉండదు. ఫోన్‌పేలో పంపిన డబ్బు, మందుల షాపు బిల్లు, సూది వేయించేటప్పుడు పక్కన ఉన్నవాళ్ల సాక్ష్యం, ఇవే ఆధారాలు.

నాటు మందుతో షుగర్ పూర్తిగా పోతుందని చెప్పి ఇన్సులిన్ మాన్పించారు. దీని సంగతేంటి?

షుగర్‌ను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం జాబితాలో డయాబెటిస్ పేరు ఉంది. ఆ కరపత్రం, వాట్సాప్ మెసేజ్, యూట్యూబ్ వీడియో లింకు, మందు డబ్బా దాచిపెట్టండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు చేయండి. డబ్బులిచ్చి కొన్నారు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లొచ్చు. టైప్ 1 పిల్లలకు ఇన్సులిన్ మాన్పించడం అంటే ప్రాణంతో ఆడుకోవడమే, దాన్ని తేలిగ్గా వదలకండి.

అనుమానం వచ్చిన రోజే చేయాల్సిన మొదటి పని ఏమిటి?

కేస్ షీట్ అడగడం. లాయరును వెతకడం, పేపరు వాళ్లకు ఫోన్ చేయడం, ఆసుపత్రి ముందు కూర్చోవడం, ఇవన్నీ దాని తర్వాతే.

తెల్లకాగితం మీద ఆసుపత్రి సూపరింటెండెంట్ పేరుతో అర్జీ రాయండి. పేషెంటు పేరు, ఐపీ నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ రాసి, మొత్తం రికార్డు కాపీ కావాలని అడగండి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో రసీదుతో పంపండి. 2002 నాటి వైద్య నీతి నిబంధనల ప్రకారం పేషెంటు గానీ ఆయన తరఫున అధికారం ఉన్నవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంటు రికార్డులను వైద్యం మొదలైన తేదీ నుంచి 3 ఏళ్లు దాచాలి.

డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చేతిలో పెడితే సరిపోదు. షుగర్ కేసులో అసలు కథంతా నర్సుల చార్టులో ఉంటుంది. ఏ గంటకు షుగర్ ఎంత, ఎన్ని యూనిట్లు వేశారు, ఎవరు వేశారు, డాక్టరుకు ఎప్పుడు ఫోన్ చేశారు, అన్నీ అందులోనే. రాత్రి 10 గంటల నుంచి తెల్లవారు 6 వరకు గడులు ఖాళీగా ఉంటే ఆ ఖాళీయే మీకు సాక్ష్యం.

ఇంట్లో ఉన్నవి కూడా పోగు చేయండి. గ్లూకోమీటర్‌లో పాత రీడింగులు తేదీతో ఉంటాయి, దాన్ని రీసెట్ చేయకండి, స్క్రీన్ ఫోటోలు తీయండి. మాత్రల స్ట్రిప్పులు, ఇన్సులిన్ సీసా, సిరంజి కవరు పారేయకండి. పుండు ఫోటోలు ఫోన్‌లో ఉంటే ఒరిజినల్స్ అలాగే ఉంచండి. తర్వాత ఒక నోటు పుస్తకంలో, గుర్తున్నప్పుడే, ఏ రోజు ఏం జరిగిందో వరుసగా రాయండి.

మనిషి పోయి, అనుమానం బలంగా ఉంటే పోస్టుమార్టం విషయం ఆలోచించండి. ఆ సమయంలో అది ఎంత కష్టమో తెలుసు. కానీ తర్వాత మరణానికి కారణం తేల్చడానికి దాన్ని మించిన ఆధారం ఉండదు.

కేస్ షీట్ ఇవ్వమని మొండికేస్తే?

ఇవ్వకపోవడమే సేవాలోపం. అడిగినట్టు రుజువు ఉంటే కమిషనే రికార్డు తెప్పిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రి అయితే సమాచార హక్కు కింద కూడా అడగొచ్చు.

పరిహారం కోసం ఎక్కడికి వెళ్లాలి? ఖర్చెంత?

జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌కు. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ఉంది. 2022లో కొత్త జిల్లాలు వచ్చాయి కాబట్టి నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య వైపు వాళ్లు తమ మండలం ఏ కమిషన్ కిందికి వస్తుందో ముందు అడిగి వెళ్లండి.

ఇక్కడ చాలామంది తికమక పడతారు. మీరు ఎంత పరిహారం కోరుతున్నారన్నది కాదు, వైద్యానికి ఎంత చెల్లించారన్నది చూస్తారు. చెల్లించింది 50 లక్షల లోపయితే జిల్లా కమిషనే. 5 లక్షల లోపు చెల్లించినవాళ్లకు ఫిర్యాదు ఫీజు లేదు. 5 నుంచి 10 లక్షలైతే 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షలైతే 400 రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

మేం ఉండేది అనంతపురం, చూపించింది బెంగళూరులో. కేసుకు అక్కడికి తిరగాలా?

అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన మంచి వెసులుబాటు ఇదే. ఫిర్యాదు చేసే మనిషి నివసించే చోట గానీ పని చేసే చోట గానీ కేసు వేయొచ్చు. అనంతపురం, హిందూపురం వాళ్లు బెంగళూరు, కర్నూలు, ఆదోని వాళ్లు హైదరాబాద్, కడప, ప్రొద్దుటూరు వాళ్లు తిరుపతి, వేలూరు, చెన్నై వెళ్లడం మనకు మామూలు. ఎక్కడ చూపించుకున్నా సొంత జిల్లాలో అడగొచ్చు. ఆధార్, రేషన్ కార్డు లాంటి చిరునామా రుజువు జతచేయండి.

కొత్త చట్టంలో డాక్టర్లను తీసేశారని విన్నాం. నిజమా?

నిజం కాదు. వైద్యం కూడా ఈ చట్టం కింద సేవేనని 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 చట్టంలో వైద్యం అన్న పదం విడిగా రాయలేదు కాబట్టి అది బయటికి పోయిందని కొందరు వాదించారు. 2022లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు.

గవర్నమెంట్ ఆసుపత్రిలో ఉచితంగా చూపించుకున్నాం. మాకు దారి లేదా?

అందరికీ ఉచితంగా చూసే ఆసుపత్రి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడం కుదరదు. ఓపీ చీటీకి కట్టే చిన్న రుసుము వల్ల ఇది మారదు. అలాగని దారి మూసుకుపోలేదు. సివిల్ కోర్టులో నష్టపరిహార దావా వేయొచ్చు, నిర్లక్ష్యం తీవ్రంగా ఉంటే హైకోర్టులో రిట్ వేయొచ్చు. కలెక్టరుకు రాసి విచారణ కోరడం, ఆ విచారణ నివేదిక కాపీ తీసుకోవడం కూడా ఉపయోగపడుతుంది.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద ప్రైవేటు ఆసుపత్రిలో చేరినవాళ్ల సంగతి వేరు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చూసే ఆసుపత్రిలో ఉచితంగా చూపించుకున్నవాళ్లు కూడా వినియోగదారులేనని 1995 తీర్పు చెప్పింది. "మీరు రూపాయి కూడా కట్టలేదు కదా" అంటే నోరు మూసుకుని వచ్చేయకండి.

ఎంత కాలంలో కేసు వేయాలి?

రెండేళ్లలో. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కమిషన్ మన్నించొచ్చు, కానీ దాన్ని నమ్ముకోవద్దు.

రెండేళ్లు ఎప్పటి నుంచి? తప్పుడు ఇన్సులిన్ డోసు లాంటివైతే ఆ రోజు నుంచే. కంటిచూపు, కిడ్నీ లాంటివి ఆలస్యంగా బయటపడతాయి. అలాంటప్పుడు, నష్టం జరిగిందని మామూలు శ్రద్ధతో మీకు ఎప్పుడు తెలిసిందో, లేదా తెలిసి ఉండాల్సిందో, అప్పటి నుంచి లెక్కించొచ్చు. అందుకే "నరాలు దెబ్బతిన్నాయి, ఇది ముందే చూసి ఉండాల్సింది" అని రెండో డాక్టరు రాసిన తేదీ చాలా ముఖ్యం.

ఆపరేషన్‌కు ముందు "ఏం జరిగినా మాదే బాధ్యత" అని సంతకం పెట్టించుకున్నారు.

ఆ సంతకం నిర్లక్ష్యానికి లైసెన్సు కాదు. ప్రమాదం వివరించి సమ్మతి తీసుకోవడం ఒకటి, జాగ్రత్త తీసుకోకుండా తప్పించుకోవడం ఇంకొకటి. తెలుగు మాత్రమే చదవగలిగిన మనిషి దగ్గర ఇంగ్లీషు ఫారం మీద సంతకం తీసుకున్నారా, వేలిముద్ర వేయించి ఏం చెప్పారో ఎవరూ రాయలేదా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. డాక్టరు వద్దన్నా వెళ్తున్నామని రాసి సంతకం పెట్టి ఉంటే మాత్రం ఆ తర్వాత జరిగిన దానికి అడగడం కష్టమవుతుంది.

మా జేజి మాత్రలు సరిగా వేసుకునేది కాదు. ఇది మాకు ఎదురు తిరుగుతుందా?

ఎదుటి పక్షం తప్పకుండా ఎత్తుతుంది. దాచకండి. పేషెంటు తప్పు కొంత ఉంటే పరిహారం తగ్గొచ్చు, కానీ ఆసుపత్రి తప్పు అంతటితో చెరిగిపోదు. వార్డులో నర్సు తప్పు డోసు వేస్తే, ఇంట్లో ఆమె లడ్డు తిన్న సంగతికి దానికి సంబంధం లేదు.

ఇంకో డాక్టరు మన తరఫున రాసివ్వాల్సిందేనా? ఇక్కడ ఎవరూ రాయరు.

ప్రతి కేసులోనూ అక్కర్లేదు. ఇది చెప్పిన తీర్పు మన తెలుగువాళ్ల కేసులోనే వచ్చింది. హైదరాబాద్‌లో వి. కిషన్‌రావు అనే ఉద్యోగి భార్యకు మలేరియా ఉంటే టైఫాయిడ్ అనుకుని వైద్యం చేశారు, ఆమె చనిపోయింది. ఆయన పనిచేసేది మలేరియా విభాగంలోనే. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇచ్చింది, పై కమిషన్లు కొట్టేశాయి, 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టింది. తప్పు కళ్లకు కనిపిస్తుంటే నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని చెప్పింది.

నర్సు చార్టులో 20కి బదులు 50 యూనిట్లు పడినట్టు ఉంటే నిపుణుడు ఎందుకు? కానీ "ముందే సర్జన్‌కు పంపి ఉంటే కాలు దక్కేదా" అన్నది వైద్యపు ప్రశ్న. దీనికి అభిప్రాయం కావాలి. అదే ఊరి డాక్టర్లు వెనకాడితే వేరే ఊరి డాక్టరును అడగండి, లేదా రికార్డును ప్రభుత్వ మెడికల్ కాలేజీ నిపుణులకు పంపమని కమిషన్‌ను కోరండి. మన మూడు ఊళ్లలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. మీ కేసు అదే కాలేజీ ఆసుపత్రి మీద అయితే వేరే కాలేజీని అడగండి.

పరిహారం ఎంత రావొచ్చు?

ముందే అంకె చెప్పేవాళ్లను నమ్మకండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆపరేషన్ తర్వాత నడుము కింద చచ్చుబడిన ప్రశాంత్ ధనంక అనే ఇంజినీరుకు సుప్రీంకోర్టు 2009లో కోటి రూపాయలు ఇచ్చింది. దాన్ని చూసి అందరికీ అంత వస్తుందనుకోకూడదు.

అడిగేటప్పుడు విడివిడిగా రాయండి. అయిన ఖర్చు, దారి ఖర్చులు, తోడున్న మనిషి పోగొట్టుకున్న కూలి, సంపాదన నష్టం, కృత్రిమ కాలు, దాన్ని మార్చడానికి మళ్లీ అయ్యే ఖర్చు, ఇకముందు వైద్యం, పడిన నొప్పి, కేసు ఖర్చులు. వేరుశనగ వేసే రైతుకు జీతం చీటీ ఉండదు. పట్టాదారు పాసు పుస్తకం, పంట అమ్మిన రసీదులు, కూలికి మనిషిని పెట్టుకున్న లెక్క చూపించాలి. కాలు పోయినవాళ్లు సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం తప్పక తీసుకోండి. అందులోని శాతం పరిహారం లెక్కకు ఆధారమవుతుంది, పింఛనుకూ పనికొస్తుంది. పింఛను వస్తోంది కదా అని పరిహారం అడగడం మానకండి, రెండూ వేరు.

పోలీసు కేసు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. కానీ డాక్టరుకు శిక్ష పడాలంటే నిర్లక్ష్యం మామూలుది చాలదు, చాలా తీవ్రమైనదై ఉండాలి. వేరే డాక్టరు అభిప్రాయం లేకుండా పోలీసులు ముందుకు పోరు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్ కింద, వైద్యం చేస్తుండగా నిర్లక్ష్యంతో మరణం సంభవిస్తే రిజిస్టర్డ్ డాక్టరుకు 2 ఏళ్ల వరకు జైలు ఉంటుంది. మీకు కావాల్సింది పరిహారమైతే శక్తినంతా కమిషన్ కేసు మీద పెట్టమని నా సలహా. డాక్టరు రిజిస్ట్రేషన్ మీద చర్య కావాలంటే ఏపీ మెడికల్ కౌన్సిల్‌కు వేరుగా ఫిర్యాదు చేయండి, అక్కడ డబ్బు రాదు.

బంధువులంతా వెళ్లి ఆసుపత్రిలో నిలదీద్దామంటున్నారు.

వద్దు. ఆసుపత్రి మీద, సిబ్బంది మీద దాడి చేస్తే 2008 నాటి రాష్ట్ర చట్టం కింద జైలు శిక్ష ఉంది. అద్దం పగిలిన క్షణం నుంచి మీ వాళ్ల సంగతి పక్కకు పోయి పగిలిన అద్దం సంగతే ముందుకొస్తుంది.

లాయరుకు ఇచ్చే స్థోమత లేదు.

కమిషన్‌లో మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. అయినా వైద్యం కేసుల్లో లాయరు ఉంటే మంచిది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఉచితంగా లాయరును ఇస్తుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఈ హక్కు ఉంది. కాబట్టి కేసు అమ్మ పేరు మీద ఉంటే ఆమే దరఖాస్తు చేయొచ్చు. ఫోన్ నంబరు 15100.

ఆసుపత్రి వాళ్లు రాజీకి పిలుస్తున్నారు. వెళ్లాలా?

వెళ్లండి, వినండి. అక్కడికక్కడే సంతకం పెట్టకండి. ఖాళీ కాగితం మీద అసలే వద్దు. ఇచ్చే డబ్బు చెక్కు ద్వారా, షరతులు తెలుగులో రాతపూర్వకంగా ఉండాలి. కమిషన్‌లో కేసు వేశాక కూడా మధ్యవర్తిత్వానికి అవకాశం ఉంది. శాశ్వత లోక్ అదాలత్ కూడా ఆసుపత్రి సేవల వివాదాలు చూస్తుంది, కానీ అక్కడ దరఖాస్తు పెట్టాక అదే విషయం మీద వేరే కోర్టుకు వెళ్లలేరు. అందుకే ఏది ఎంచుకోవాలో ముందే ఆలోచించుకోండి.

ఎన్నాళ్లు పడుతుంది?

చట్టంలో 3 నుంచి 5 నెలలు అని ఉంది. ఆచరణలో ఏళ్లు పడుతుంది. ఎదుటి పక్షం 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి, ఆ గడువు మీద మాత్రం పట్టుబట్టండి. జిల్లా కమిషన్ తీర్పు నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు వెళ్లొచ్చు. ఆసుపత్రి అప్పీలుకు వెళ్లాలంటే తీర్పులో చెప్పిన మొత్తంలో సగం కట్టాకే వెళ్లాలి.

కేసు వేస్తే మళ్లీ వైద్యం ఎవరు చేస్తారన్నది మా టెన్షన్.

ఈ భయంతోనే చాలామంది ఆగిపోతారు. షుగర్ వైద్యం ఒక్క రోజు కూడా ఆగకూడదు, కాబట్టి కేసుకు ముందే వేరే డాక్టరును చూసుకోండి. కేసు సంగతి ఆయనకు చెప్పాల్సిన పని లేదు, కానీ పాత రికార్డు కాపీలు మాత్రం అన్నీ చూపించండి. షుగర్, బీపీ లాంటి జబ్బులు చూసే ఎన్‌సీడీ క్లినిక్ ఉన్న దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో పేరు రాయించుకుంటే మందులకు ఇబ్బంది ఉండదు. మీరు కేసు వేసిన ఆసుపత్రి కూడా అత్యవసర స్థితిలో వచ్చిన మనిషిని కేసు పెట్టారన్న కారణంతో వెనక్కి పంపకూడదు. అలా పంపితే తేదీ, సమయం, గేటు దగ్గర మాట్లాడిన వాళ్ల పేర్లు రాసుకుని అదే కేసులో అదనపు అఫిడవిట్‌గా వేయండి.